జవాబు ఎక్కడ మిగులుతుంది: ఫోరం పక్కన చాట్ సర్వర్

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం చూడ్డానికి చిన్నదే. ఒక ఆన్‌లైన్ ఫోరం నడుస్తుంటుంది. ఒకరోజు ఎవరో సభ్యుడు "మనమూ ఒక డిస్కార్డ్ పెట్టుకుంటే పోలా?" అంటాడు. డిస్కార్డ్ అంటే సమూహాలు అప్పటికప్పుడు ముచ్చటించుకునే చాట్ వేదిక; అందులో ఒక్కో సమూహానికీ ఉండే చోటుని సర్వర్ అంటారు. నలుగురు లైకులు కొడతారు. సాయంత్రానికల్లా సర్వర్ తయారవుతుంది. మర్నాటికి ఫోరం పైభాగాన ఆహ్వానం లింకు వేలాడుతుంటుంది. దీనివల్ల ఫోరంకి మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నది మాట్లాడమన్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చివరిదాకా దాచి సస్పెన్స్ నడపడం నాకు చేతకాదు. చాట్ వచ్చాక ఫోరంలో పోస్టులు తగ్గుతాయి. తగ్గనివ్వండి. వాటిలో "నాకూ అంతే", "పైవారితో ఏకీభవిస్తున్నాను" లాంటివి బోలెడు ఉంటాయి. అవి పోయినందుకు ఏ ఫోరమూ చావలేదు. నేను భయపడేది జవాబులు తగ్గడం గురించి. అడ్మిన్లు మాత్రం రోజుకి ఎన్ని పోస్టులు పడ్డాయని గ్రాఫులు గీస్తారు. జవాబు దొరికిన ప్రశ్నలు ఎన్ని, ఆ జవాబు ఏడాది తర్వాత వచ్చినవాడికి కనిపిస్తుందా అని చూసేవాళ్లు నాకు చాలా తక్కువగా తగిలారు.

ఫోరం, చాట్ పక్కపక్కన ఉండటం డిస్కార్డ్‌తో మొదలైందని అనుకుంటాం. కాదు. 1973లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ ఉండేది. విద్యార్థులకు పాఠాలు చెప్పడం కోసం కట్టారు. అందులో ఏదైనా పనిచేయకపోతే ఆ సంగతి రాయడానికి ఒక ఉమ్మడి ఫైలు ఉండేది. చిక్కేమిటంటే, ఆ ఫైల్లో ఫలానా మాట ఎవరు రాశారో కచ్చితంగా తెలియదు, ఎవరి మాటనైనా ఎవరైనా చెరిపేయొచ్చు. డేవిడ్ వూలీ అనే కుర్రాడు దాని స్థానంలో నోట్స్ అనే ప్రోగ్రాం రాశాడు. రాసినవారి గుర్తు, తేదీ వాటంతటవే పడతాయి. కింద జవాబులు చేరతాయి. ఒకరు రాసింది ఇంకొకరు తుడిచేయలేరు. అదే ఏడాది, అదే ప్లేటో మీద డగ్ బ్రౌన్ టాకోమాటిక్ తెచ్చాడు. ఒక్కో ఛానల్లో ఐదుగురు. తెర మీద ఒక్కొక్కరికీ ఒక్కో చోటు. టైప్ చేస్తుంటే అక్షరం అక్షరం అందరికీ కనబడేది. ఏదో రాయబోయి మానేసినా అందరికీ తెలిసిపోయేదన్నమాట!

అంటే ఈనాటి ఫోరంకి పూర్వరూపం, ఈనాటి చాట్‌కి పూర్వరూపం ఒకే యంత్రం మీద, కొద్ది నెలల తేడాతో పుట్టాయి. ఒకటి లోపాన్ని నమోదు చేసి పెట్టడానికి పుట్టింది, రెండోది ఎదుటివాడితో ముచ్చటించడానికి. రెండూ మనుషులకి కావాలి. కాబట్టి "చాట్ అనేది ఈ కాలపు పిల్లల జాడ్యం" అనే పెద్దవాళ్లతో నేను లేను. ఈ జాడ్యం వయసు యాభై దాటింది.

తర్వాతి కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1988 ఆగస్టులో ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ ఐఆర్‌సీ అనే ఇంటర్నెట్ చాట్ ప్రోగ్రాం రాశాడు. ఆయన అప్పటికే ఔలుబాక్స్ అనే బులెటిన్ బోర్డు (ఆ కాలపు ఫోరం లాంటిది) చూసుకుంటున్నాడు. ఆ బోర్డులో యూజ్‌నెట్ (సర్వర్ నుంచి సర్వర్‌కి పోస్టులు పాకే చర్చావేదిక) తరహా చర్చలు, అప్పటికప్పుడు మాట్లాడుకునే వీలు, ఇలా చాలా చేర్చాలని ఆయన ఆలోచన. ముందుగా చాట్ భాగం పూర్తయింది. ఆ భాగం ప్రపంచమంతా పాకింది. ఔలుబాక్స్ పేరు మీలో ఎంతమంది విన్నారు? ఒక్క చెయ్యీ లేవలేదు. చుట్టపుచూపుగా వచ్చినవాడు ఇల్లు రాయించుకున్నట్టయింది. [నవ్వులు]

సరే, ఇంతకంటే నాకు ముఖ్యంగా కనిపించేది 1991 ఆగస్టు. ఆ నెల 19న సోవియట్ యూనియన్‌లో అధికారాన్ని చేజిక్కించుకునే కుట్ర జరిగింది. వార్తలు బయటికి రాకుండా కట్టడి చేశారు. ఆ రోజుల్లో ఐఆర్‌సీలో జనం అక్కడి కబుర్లు నిమిషాల మీద అందించుకున్నారు. అదే నెల 25న లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండ్ విద్యార్థి యూజ్‌నెట్‌లో మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్ల గ్రూపులో ఒక పోస్టు పెట్టాడు. తాను ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని, అది కేవలం సరదా పని అని, మినిక్స్‌లో మీకు నచ్చినవీ నచ్చనివీ చెప్పండని అడిగాడు. అదే తర్వాత లినక్స్ అయింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కుట్ర జరుగుతున్న రాత్రి "ఇప్పుడేం జరుగుతోంది?" అని అడగడానికి యూజ్‌నెట్ పనికిరాదు. సర్వర్ నుంచి సర్వర్‌కి పోస్టు చేరేసరికి సంగతి మారిపోతుంది. అలాగే, ఒక కొత్త ప్రాజెక్టు గురించి అభిప్రాయాలు అడగడానికి చాట్ గది పనికిరాదు. ఆ గంటలో గదిలో ఉన్నవాళ్లే చెబుతారు, మిగతా ప్రపంచానికి తెలియనే తెలియదు. టోర్వాల్డ్స్ పోస్టు ఇవాళ్టికీ చదువుకోవచ్చు. కుట్ర రోజుల చాట్ కూడా కొంత చదువుకోవచ్చు. కానీ ఒక తేడా ఉంది. అప్పటి ఐఆర్‌సీ సర్వర్ మాటల్ని భద్రపరిచేది కాదు. ఆ మాటలు దక్కాయంటే అప్పుడు గదిలో ఉన్న ఎవరో లాగ్‌ని ఫైలుగా భద్రపరిచి ఆర్కైవ్‌లో పెట్టబట్టే. పోస్టు మిగలడం ఆ పద్ధతిలోనే ఉంది, చాట్ మిగలాలంటే ఒక మనిషి పూనుకోవాలి. నేనివాళ చెప్పదలుచుకున్నదంతా ఆ మనిషి గురించే.

ముందు ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో చూద్దాం. ఒక సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల సర్వర్ అనుకోండి. ఒక కొత్త సభ్యుడు వచ్చి, "నిన్న అప్‌డేట్ చేశాక పాత బ్యాకప్ రీస్టోర్ కావట్లేదు, ఎవరైనా సాయం చేయగలరా" అంటాడు. వెంటనే ఒకరు "ఏ వెర్షన్?" అంటారు. అతను చెప్పేలోపు ఇంకో ఇద్దరు అంతకుముందు నడుస్తున్న కీబోర్డుల సంభాషణ కొనసాగిస్తారు. ఎవరో కుక్కపిల్ల బొమ్మ పెడతారు. "పర్మిషన్లు చూశారా?" "చూశాను." "అయితే ఆ రెండోది మార్చండి." "ఏ రెండోది?" "మొన్న పైన చెప్పాను చూడండి, లేదంటే డీఎం (విడిగా మెసేజ్) చేయండి." పది నిమిషాల మౌనం. తర్వాత "వచ్చేసింది!! చాలా థ్యాంక్స్ అన్నా". దానికి ఆరు హృదయాలు.

చూడండి, ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు. అడిగినవాడికి పని జరిగింది. చెప్పినవాడు ఉదారంగా తన సమయం ఇచ్చాడు. గది సందడిగా ఉంది. కానీ ఆ రెండోది ఏమిటి? ఎక్కడ మార్చాలి? ఏ వెర్షన్‌లో? ఏదీ ఎక్కడా లేదు. వచ్చే వారం ఇదే ఇబ్బంది ఇంకొకరికి వస్తుంది. ఆమె గూగుల్‌లో వెతుకుతుంది. డిస్కార్డ్ సర్వర్ లోపలి సంభాషణ గూగుల్‌కి కనబడదు. పోనీ సర్వర్‌లో చేరి, అక్కడి సెర్చ్‌లో "బ్యాకప్" అని కొడుతుంది. వందల మెసేజ్‌లు వస్తాయి, అందులో జవాబు ముక్క "ఆ రెండోది మార్చండి". దాంట్లో బ్యాకప్ అన్న మాటే లేదు కాబట్టి అది సెర్చ్‌లో రాదు కూడా. ఇక చేసేదేముంది, ఆమె మళ్లీ అడుగుతుంది. అదే ఉదారుడు మళ్లీ చెబుతాడు. మూడోసారి, నాలుగోసారి చెబుతాడు. ఒకరోజు విసుక్కుంటాడు. "ఇక్కడివాళ్లు కొత్తవాళ్లని కసురుకుంటారు" అని ఆ సర్వర్‌కి పేరొస్తుంది. మనిషి చెడ్డవాడు కాదు, అలిసిపోయాడంతే.

ఫోరంలో కూడా మళ్లీ మళ్లీ అడుగుతారు కదా అంటారు మీరు. అడుగుతారు. కానీ అక్కడ ఒక లింకు ఇచ్చి ఊరుకోవచ్చు. చాట్‌లో ఇవ్వడానికి లింకు ఉండదు, ఉన్నా అది ఆ కుక్కపిల్ల పక్కకి తీసుకెళ్తుంది.

2006లో వెబ్‌సైట్ల వాడుక మీద పనిచేసే నిపుణుడు జాకబ్ నీల్సన్ ఒక పరిశీలన రాశాడు. ఆన్‌లైన్ సమూహాల్లో దాదాపు 90 శాతం మంది చదివి వెళ్లిపోతారు, 9 శాతం అప్పుడప్పుడూ ఏదో రాస్తారు, 1 శాతమే ఎక్కువ భాగం రాస్తారు అని. అన్ని చోట్లా ఇవే అంకెలు రావాలని లేదు. కానీ ఫోరం నడిపిన ఎవరినడిగినా ఈ అసమానత నిజమే అంటారు. ఇప్పుడు చెప్పండి, చాట్ పెట్టమని ఓటేసేది ఎవరు? ఆ ఒక్క శాతం, ఆ పక్కనున్న తొమ్మిదిలో కొందరు. ఆ 90 శాతం ఓటు వేయరు. వాళ్లు సభ్యులు కూడా కాకపోవచ్చు. అర్ధరాత్రి ఏదో పాడై, వెతుక్కుంటూ వచ్చి, జవాబు చదువుకుని, లాగిన్ కూడా కాకుండా వెళ్లిపోయేవాళ్లు. రేపటి కొత్త సభ్యుడు వాళ్లలోంచే వస్తాడు. చాట్ సర్వర్ వాళ్లకి మూసిన తలుపు. అందుకే "సభ్యులంతా కావాలన్నారు" అన్న వాదన నాకు ఆనదు. అడిగింది లోపలివాళ్లని, నష్టం బయటివాళ్లకి.

ఇంకో నష్టం ఉంది, అది నాకు దీనికంటే పెద్దదిగా కనిపిస్తుంది. ప్రతి ఫోరంలోనూ కొద్దిమంది ఉంటారు. ఒక ప్రశ్న వస్తే కాఫీ పక్కన పెట్టుకుని కూర్చుని నాలుగు పేరాలు రాస్తారు. ఎందుకలా అవుతుందో, ఏయే మార్గాలున్నాయో, తనైతే ఏది ఎంచుకుంటారో రాస్తారు. ఫోరం విలువంతా ఆ పేరాల్లో ఉంది. ఇలాంటివాళ్లు చాట్‌కి వెళ్తే అదే జ్ఞానం ఐదు మాటల్లో చెబుతారు. చెప్పగానే థ్యాంక్స్ వస్తుంది. మనసుకి హాయిగా ఉంటుంది, నేనూ అనుభవించాను. ఆ హాయి రోజుకి పదిసార్లు దొరుకుతుంటే, ఎవరు చదువుతారో తెలియని నాలుగు పేరాలు రాయడానికి చెయ్యి రాదు. ఆ మనిషి ఎక్కడికీ పోలేదు, రోజూ ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు. రాయడం మాత్రం మానేశాడు. గ్రాఫులో ఇది తెలియదు. ఎందుకంటే మొత్తం మెసేజ్‌ల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది.

ఇక నిర్ణయాల సంగతి. సమూహం అన్నాక నియమాలు మార్చాలి, ఎవరినో మోడరేటర్ చేయాలి, ఏదో ప్రాజెక్టు ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి. ఇవి చాట్‌లో తేలడం మొదలైతే, ఆ గంటలో మేలుకుని ఉన్నవాళ్ల మాట చట్టమవుతుంది. భూగోళానికి అవతల నిద్రపోతున్నవాడు పొద్దున లేచి నాలుగు వందల మెసేజ్‌లు పైకి తోసుకుంటూ చదివితే, చివర "సరే, అలాగే చేద్దాం" అని కనబడుతుంది. ఎవరూ కుట్ర పన్నలేదు. అయినా అతను పరాయివాడైపోయాడు.

దీనికి పెద్ద పెద్ద సంస్థలు ఎప్పుడో మందు కనిపెట్టాయి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ వాళ్లు ముఖాముఖి సమావేశాలు పెడతారు, సమావేశం నడుస్తుండగా పక్కన చాట్ కూడా నడుస్తుంది. కానీ 1998లో రాసుకున్న వాళ్ల పని నియమాల్లోనే ఉంది, మెయిలింగ్ లిస్టులో (సభ్యులందరికీ వెళ్లే ఈమెయిల్ చర్చలో) చర్చకు రాని విషయం మీద సమావేశంలో తేల్చిందేదైనా మళ్లీ లిస్టులో పెట్టి సరిచూసుకోవాలని. గదిలో ఉన్నవాళ్లు అందరూ చేతులెత్తినా సరే. వికీపీడియాలో కూడా ఏకాభిప్రాయం అనేది వికీ చర్చాపేజీల్లోనే కుదరాలి, బయట ఎక్కడో మాట్లాడుకున్నది లెక్కలోకి రాదు. ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసే అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లోనూ అంతే, లిస్టులో లేనిది జరగనట్టే. వీళ్లెవరూ చాట్‌ని నిషేధించలేదు. మాట్లాడుకోండి, ఆలోచనలు కలబోసుకోండి, తేల్చేటప్పుడు మాత్రం రాతలోకి రండి అన్నారు. నాకు ఇంతకంటే మంచి నియమం తోచలేదు.

ఇదంతా విని నేను చాట్‌కి శత్రువునని అనుకోకండి. చాట్ చేసే మేలు ఫోరం చేయలేని సందర్భాలు ఉన్నాయి, వాటిని తక్కువ చేయను.

కొత్తవాళ్ల భయం ఒకటి. ఫోరంలో కొత్త థ్రెడ్ (ఒక ప్రశ్న, దాని కింద జవాబుల వరుస) మొదలుపెట్టడమంటే చాలామందికి టెన్షన్. దానికి శీర్షిక పెట్టాలి. ఇంతకుముందు ఎవరైనా అడిగారేమో వెతకాలి. తప్పుగా అడిగితే ఏళ్ల తరబడి అలా కనబడుతూనే ఉంటుంది. చాట్‌లో "ఒక చిన్న డౌట్" అనడం సులువు. నా ప్రశ్న ప్రశ్నేనా, లేక నాకే ఏదో తెలియడం లేదా అని సరిచూసుకోవడానికి అదొక మెట్టు. తొలిసారి చాట్‌లో నోరు విప్పి, రెండు నెలల తర్వాత ఫోరంలో నిండైన పోస్టు రాసినవాళ్లని చూశాను. అలా జరిగిన ప్రతిచోటా ఒక పాత సభ్యుడు "ఇది మంచి ప్రశ్న, ఫోరంలో పెట్టండి, అక్కడ వివరంగా చెబుతాను" అన్నాడు. ఎవరూ అనని చోట మెట్టు మెట్టుగానే ఉండిపోయింది.

అత్యవసరం ఇంకొకటి. ఫోరం సర్వరే పడిపోయిందనుకోండి. "ఫోరం తెరుచుకోవట్లేదు, నా ఒక్కడికేనా?" అని ఫోరంలో అడగలేరు కదా. [నవ్వులు] అలాంటప్పుడు పక్కన ఇంకో గది ఉండటం అదృష్టం. అందరూ కలిసి ఒకేసారి ఏదైనా చూస్తున్నప్పుడు, కొత్త విడుదల వచ్చిన రాత్రి, వాయిస్‌లో కూర్చుని నలుగురు కలిసి ఏదైనా బాగుచేస్తున్నప్పుడు, చాట్‌ని మించింది లేదు. మనుషుల మధ్య స్నేహం కూడా అక్కడే చిక్కబడుతుంది. స్నేహం చిక్కబడ్డవాళ్లు ఫోరంలో వాదించుకున్నా మర్యాదగా వాదించుకుంటారు. ఇది చిన్న లాభం కాదు.

మోడరేటర్ల కోణం చెప్పకపోతే నా తోటివాళ్లు నన్ను క్షమించరు. ఫోరంలో రాత్రి ఒకడు బూతులు రాస్తే పొద్దున లేచి తీసేయొచ్చు. ఈలోగా పదిమంది చూస్తారు, అంతే. చాట్‌లో అదే మనిషి పది నిమిషాల్లో గదిని తగలబెడతాడు. అవతలివాడు బదులిస్తాడు, మూడోవాడు ఆజ్యం పోస్తాడు, మోడరేటర్ ఫోన్ తీసి చూసేసరికి ఇద్దరు మంచి సభ్యులు వెళ్లిపోయి ఉంటారు. ఒకరి మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య విరామం పెట్టే స్లో మోడ్ లాంటి సౌకర్యాలు ఉన్నాయి, వాడండి. కానీ రోజంతా ఎవరో ఒకరు మేలుకుని ఉండాలన్న నిజం మారదు. ఫోరంకి ఇద్దరు మోడరేటర్లు సరిపోతున్నారు కాబట్టి చాట్‌కి కూడా ఆ ఇద్దరే చాలనుకోవడం నేను చూసినవాటిలో అతి సాధారణమైన పొరపాటు. ఆ ఇద్దరూ అలిసిపోయి రెండూ వదిలేస్తారు.

ఆస్తి ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది, త్వరగా చెప్పేస్తాను. ఫోరం మీ సర్వర్ మీద నడుస్తుంటే డేటాబేస్ మీ చేతిలో ఉంటుంది. చాట్ కంపెనీది అయితే నియమాలు కంపెనీవి. ఆఫీసుల్లో వాడే చాట్ స్లాక్ ఉచిత ఖాతాల్లో ఒకప్పుడు చివరి 10,000 మెసేజ్‌లు కనిపించేవి, 2022 సెప్టెంబరు నుంచి చివరి 90 రోజులే అన్నారు. 2021 మే నెలలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ యాజమాన్యంతో గొడవపడి దాన్ని నడిపే సిబ్బంది మూకుమ్మడిగా బయటికొచ్చి లిబెరా చాట్ పెట్టుకున్నారు. ఎన్నో ప్రాజెక్టుల గదులు వారాల్లో ఇల్లు మారాయి. ఫోరాలు మాత్రం శాశ్వతమా అంటే, కాదు. సినిమా సైట్ ఐఎండీబీ చర్చావేదికలు 2017 ఫిబ్రవరిలో మూతపడ్డాయి, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో పోయాయి. మీ చేతిలో కాపీ లేని ఏదైనా అద్దె ఇల్లే. అయితే ఫోరం మూతపడబోతోందంటే ఎవరో ఒకరు పేజీలన్నీ దించి పెట్టే అవకాశం ఉంటుంది, అవి బహిరంగంగా ఉంటాయి కాబట్టి. చాట్‌లో ఆ అవకాశం తక్కువ.

ఇంకో ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, చాట్ కంపెనీలకే తమ లోటు తెలిసింది. స్లాక్ 2017లో థ్రెడ్లు తెచ్చింది. డిస్కార్డ్ 2021లో థ్రెడ్లు, 2022లో ఏకంగా ఫోరం ఛానల్స్ అని పెట్టింది. ఆ పేరు పెట్టడమే ఒక ఒప్పుకోలు. అటు ఫోరం సాఫ్ట్‌వేర్ డిస్కోర్స్ తనలోనే చాట్ చేర్చుకుంది. జూలిప్ అనే చాట్ సాఫ్ట్‌వేర్ అయితే మొదటి నుంచీ ఛానల్ సంభాషణలని అంశాల వారీగా విడదీస్తుంది. చాట్‌కీ ఫోరంకీ మధ్య ఉన్న గోడ పలచబడుతోంది. సాఫ్ట్‌వేర్ మీద మీకు ఎంపిక ఉంటే రెండూ ఒకే చోట ఉన్నదాన్ని తీసుకోండి. చాట్‌లోంచి నాలుగు మాటలు ఎంచి థ్రెడ్‌లోకి తీసుకెళ్లడం రెండు నొక్కుల పని అయితే జనం చేస్తారు. వేరే సైట్ తెరిచి, లాగిన్ అయి, అతికించాలంటే ఎవరూ చేయరు.

ఇక్కడ కొందరు అడుగుతారు: బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రాం) పెట్టి చాట్ మొత్తాన్ని ఫోరంలోకి పంపేస్తే సరిపోదా? సరిపోదు. డిస్కార్డ్ ఛానళ్లని గూగుల్‌కి కనబడేలా చేసే ఆన్సర్ ఓవర్‌ఫ్లో లాంటివి ఉన్నాయి, ప్రశ్న జవాబులకని విడిగా పెట్టిన ఛానళ్లకి అవి ఉపయోగమే. కానీ కబుర్ల ఛానల్‌ని అలా పంపితే "ఆ రెండోది మార్చండి" అన్న మాట గూగుల్‌కి కూడా ఎక్కుతుంది, అంతే. పైగా నలుగురి మధ్య అనుకుని అన్న మాట ప్రపంచానికి పరిచేయడం అన్నవాళ్లకి నచ్చకపోవచ్చు. వాళ్లనడగాలి. పోనీ ఏఐతో సారాంశం రాయిస్తే? రాయించండి, చిత్తుప్రతిగా బాగుంటుంది. అయితే అది ఎవరేమన్నారో చెబుతుంది. ఏది పనిచేసిందో దానికి తెలియదు, ఎందుకంటే పనిచేసిన సంగతి చాలాసార్లు డీఎంలో ఉంటుంది, లేదా అడిగినవాడి కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. "అవును, ఇదే పనిచేసింది" అని ఒక మనిషి సంతకం పెట్టాలి.

ఆ మనిషి దగ్గరికే వచ్చాం. నేను చూసినవాటిలో చాట్ పెట్టుకుని కూడా బాగుపడిన ఫోరాలన్నిటిలో ఒక వంతుల పద్ధతి ఉంది. వారానికి ఒకరు. ఆ వారం చాట్‌లో తేలిన ప్రశ్నల్లో పనికొచ్చేవి ఆయనో ఆవిడో ఫోరంలో థ్రెడ్‌గా రాస్తారు. పెద్దగా రాయనక్కర్లేదు. "ఫలానా వెర్షన్‌కి మార్చాక పాత బ్యాకప్ రీస్టోర్ కావడం లేదు. కారణం, కొత్త వెర్షన్ ఫోల్డర్ పేరు మార్చింది. సెట్టింగుల్లో పాత పేరు ఇస్తే వచ్చేస్తుంది. చాట్‌లో ఇద్దరు ప్రయత్నించారు, ఇద్దరికీ పనిచేసింది." ఇదిగో, నాలుగు వాక్యాలు. శీర్షికలో మాత్రం కష్టంలో ఉన్నవాడు సెర్చ్‌లో కొట్టే మాటలు ఉండాలి. "ఒక సమస్య తీరింది" అని శీర్షిక పెడితే రాసింది వృథా. చాట్‌లో చెప్పిన వ్యక్తి పేరు కూడా వేయండి, అతనికి ఫోరంలోనూ గౌరవం దక్కుతుంది, మెల్లగా అతనే రాయడం మొదలుపెడతాడు.

ఈ పని చేయడానికి మనుషులు ముందుకు రాకపోతే సర్వర్ తెరవకండి. ఇది కటువుగా వినిపిస్తుందని తెలుసు. ఇంకొక మాట కూడా అంటాను. రోజుకి నాలుగైదు పోస్టులు పడే చిన్న ఫోరం అయితే అసలు చాట్ జోలికే వెళ్లొద్దు. పెద్ద ఫోరంలో జనం రెండుగా చీలినా రెండు చోట్లా దీపం వెలుగుతుంది. చిన్నదానిలో చీలితే ఫోరంలో నెలరోజుల నాటి పోస్టు పైన కనబడుతుంది, చాట్‌లో "హాయ్, ఎవరైనా ఉన్నారా" అన్న మెసేజ్ కనబడుతుంది. కొత్తగా వచ్చినవాడు రెండూ చూసి వెళ్లిపోతాడు.

నా మాటలు ఇక్కడితో ఆపుతాను. ప్రశ్నలకి కొంచెం సమయం ఉందన్నారు.

[సభలోంచి ప్రశ్న: మేం ఇప్పటికే తెరిచేశాం. రెండేళ్లయింది. ఫోరంలో ఎవరూ లేరు, అందరూ చాట్‌లోనే ఉన్నారు. ఇప్పుడు మూసేయమంటారా?]

వద్దండీ. మూసేస్తే వాళ్లు ఫోరంకి రారు, మీకు తెలియని ఇంకో గ్రూపు పెట్టుకుంటారు. కోపం కూడా మిగులుతుంది. నేనైతే ఒకే ఒక ఛానల్‌ని ముట్టుకుంటాను. మీకు సహాయం కోసం ఒక ఛానల్ ఉండే ఉంటుంది. ఉందా? దానితో మొదలుపెట్టండి. ముందు ఎక్కువగా జవాబులిచ్చే ఐదారుగురితో విడిగా మాట్లాడండి, ప్రకటన తర్వాత. వాళ్లు ఒప్పుకోకపోతే మీ ప్రకటన ఎవరూ పట్టించుకోరు. వాళ్లనడగాల్సింది ఇంతే: సహాయం ఛానల్లో ప్రశ్న వస్తే జవాబు ఫోరంలో రాసి, చాట్‌లో లింకు ఇవ్వండి. అడిగినవాడు ఎటు నుంచి వచ్చాడన్నది పట్టించుకోవద్దు, అతన్ని "ఫోరంకి పో" అని తరమొద్దు. జవాబు ఎక్కడుంటే జనం అక్కడికి వస్తారు.

[మళ్లీ అదే వ్యక్తి: వాళ్లకి ఫోరం లాగిన్ కూడా గుర్తుండదేమో.]

[నవ్వులు] అదీ నిజమే. అయితే ముందు ఆ పని చూడండి. చాట్ ఖాతాతోనే ఫోరంలోకి లాగిన్ అయ్యే వీలు చాలా ఫోరం సాఫ్ట్‌వేర్లలో ఉంది, డిస్కోర్స్‌లో డిస్కార్డ్ లాగిన్ అమర్చుకోవచ్చు. అది పెట్టండి. తర్వాత పాత సంభాషణల్లోంచి మళ్లీ మళ్లీ అడిగే పది ప్రశ్నలు ఏరి, మీరే కూర్చుని థ్రెడ్లుగా రాయండి. ఖాళీ ఫోరంలోకి ఎవరినైనా రమ్మంటే ఎలా వస్తారు? ఆ పది ఉంటే మీ ఐదారుగురికి మొదటి రోజు నుంచే ఇవ్వడానికి లింకులు ఉంటాయి. మూడు, నాలుగు నెలలు పడుతుంది, తొందరపడకండి. ఈలోగా ఆ కుక్కపిల్లల ఛానల్ జోలికి మాత్రం వెళ్లకండి, అది బాగానే నడుస్తోంది.